చింతగింజ టికెట్టు

మా ఇంట్లో మ్యూజియం ఉందని చెబితే ఆదోనిలో మా పుట్టింటివాళ్లు మొదట పడీ పడీ నవ్వారు. ఇప్పుడు నవ్వడం లేదు లెండి. మొన్న మా అన్న కొడుకులిద్దరూ వచ్చి, గుమ్మం దగ్గర బుద్ధిగా చెరో చింతగింజ ఇచ్చి లోపలికి పోయారు. చింతగింజ మా టికెట్టు. అది లేకుండా వస్తే కలెక్టరునైనా మా అంజలి విజిల్ వేసి ఆపేస్తుంది. దానికి ఆరేళ్లు. ఆ విజిల్ జాతరలో కొన్నది, ఊరికి ఆ చివర ఉన్నవాళ్లకు కూడా వినపడుతుంది.

గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటున్నారేమో. అవును, చెప్పుకుంటున్నాను. చెప్పుకోవడానికి ఉన్నప్పుడు ఎందుకు చెప్పుకోకూడదు?

ఇదంతా ఒక్క ఎండాకాలంలో జరిగింది. మా ఊరు యెమ్మిగనూరుకు పది కిలోమీటర్లు. ఉగాది దాటిన వారానికి మా ఆయన, పేరు బజారి, మా ఎద్దుల జతను అమ్మేశాడు. ఆయన్ని తప్పు పట్టలేను. మేత లేదు, నీళ్లు లేవు, ఊళ్లో సగం మంది ట్రాక్టరుతోనే దున్నిస్తున్నారు. ఆయన అప్పటికే ఒక ట్రాలీ ఆటో తెచ్చుకుని ఉల్లిగడ్డల మూటలు మార్కెట్టుకు తోలుతున్నాడు. ఎద్దులు పోయిన రోజు మా మామ తిమ్మన్న వాటి ముఖాలు తడి గుడ్డతో తుడిచాడు. పగ్గాలు విప్పి తన దగ్గరే ఉంచుకున్నాడు. ఎద్దును అమ్మినా పగ్గాన్ని అమ్మకూడదని ఆయన పట్టింపు.

ఆ మర్నాటి నుంచి మనిషికి ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండు రొట్టెలు పెడితే ఒకటి తిని చెయ్యి కడిగేసేవాడు. పొద్దున లేచింది మొదలు ఖాళీ కొట్టంలో కూర్చుని, నార పురిపెట్టి చిక్కాలు అల్లేవాడు. చిక్కమంటే కలుపు తీసేటప్పుడు ఎద్దు పైరు మేయకుండా మూతికి కట్టే తాళ్ల బుట్ట. ఎద్దులే లేని ఇంట్లో చిక్కాలు తొమ్మిదయ్యాయి. తొమ్మిదో దాన్ని దూలానికి తగిలిస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది చాలదన్నట్టు మా ఆయన ఇంకో కబురు తెచ్చాడు. కొట్టం ఖాళీ చేస్తే ఆటో ఎండకు ఎండకుండా, వానకు తడవకుండా ఉంటుందట. బళ్లారి నుంచి మంజునాథ్ అనే ఒకాయన పాత సేద్యం సామాన్లు కొనుక్కుపోయి, బెంగుళూరు వైపు పెద్ద పెద్ద హోటళ్లకు ఇస్తాడట. వాళ్లు వాటిని గోడలకు బిగిస్తారట. మా గొర్రు ఫోటో చూసి ఆయన మరీ ముచ్చటపడ్డాడట. మట్టి ఎద్దుల అమావాస్యకు సామాన్లకు పూజ చేసుకుని, మర్నాడు ఇచ్చేస్తామని మా ఆయన మాట ఇచ్చి వచ్చాడు.

గొర్రంటే విత్తనం వేసే పనిముట్టు. మూడు కొయ్య పళ్లు, మూడు వెదురు గొట్టాలు, వాటి మీద జడ్డిగం అనే చెక్క గిన్నె. గిన్నెలో గింజలు పోస్తూ పోతే మూడు సాళ్లలో పడతాయి. మా మామ పెళ్లయిన ఏడాది వడ్రంగం చేసే వడ్లాయన పక్కన కూర్చుని పని నేర్చుకుని, తన చేత్తో చేసుకున్న గొర్రు అది. నలభై ఏళ్లు మా అత్త హనుమంతమ్మ దాని వెనక నడిచి గింజ పోసింది. ఆమె పోయి నాలుగేళ్లయింది. గోడకు బిగిస్తారన్న మాట విని కూడా మామ అల్లుతున్న చిక్కం మీద నుంచి తల ఎత్తలేదు. ఆ గొర్రు గడప దాటితే ఈ మనిషి మాకు దక్కడని నాకు ఆ క్షణమే అర్థమైంది.

ఆ సంగతి మా ఆయనతో అన్నాను. "ఎద్దుల్లేని ఇంట్లో గొర్రేంటికి మే?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన లెక్క ఆయనది.

మా పెద్దోడు ఉమేష్‌కు తొమ్మిదేళ్లు. సెలవుల్లో ఏదైనా మ్యూజియం చూసి పది వాక్యాలు రాసుకురమ్మని వాళ్ల సారు చెప్పాడట. సరేనని ఒక ఆదివారం జొన్నరొట్టెలు, వేరుశనగ బుడ్డల చట్నీ మూట కట్టుకుని పిల్లలతో బయల్దేరాను. మామను కూడా వెంటబెట్టుకున్నాను. ఒక్కణ్నే వదిలితే ఆ ఒక్క రొట్టె కూడా తినడని భయం. ఏ ఊరి మ్యూజియమో మాత్రం అడగొద్దు. చెబితే అక్కడి వాచ్‌మన్‌కు మాట వస్తుంది. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మొదటి గదిలో రాతి విగ్రహాలు. మామ చెప్పులు గుమ్మం బయటే విడిచి, ప్రతి విగ్రహం ముందూ ఆగి దండం పెట్టుకున్నాడు. ముక్కు విరిగిన వాటికి రెండుసార్లు పెట్టాడు. ఆయన వెనకే అంజలి కూడా. రెండో గదిలో రాగిరేకులు, నాణేలు. అందులో ఒక అద్దాల పెట్టె ఖాళీగా ఉంది. లోపల చిన్న అట్ట మీద, "ఈ వస్తువును శుభ్రపరచుటకు తీసినాము" అని రాసి ఉంది. ఉమేష్ దాన్ని నోటుబుక్కులో ఎక్కించుకున్నాడు. ఉన్నవి రాసుకోరా, లేనిది రాసుకోవడమేంటని కసురుకున్నాను.

"లేనిది యాడికి పోయిందో సెప్పినారు గదమ్మా. అది బాగుంది" అన్నాడు వాడు.

మూడో గదిలోకి పోగానే మామ నిలబడిపోయాడు. తాడు కట్టిన అవతల ఒక గొర్రు నిలబెట్టి ఉంది. అచ్చం మా గొర్రులాంటిదే. రెండు నెలల్లో మొదటిసారి మనిషి తల నిటారుగా ఎత్తడం చూశాను. తాడు చుట్టూ రెండుసార్లు తిరిగి, మూల కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ దగ్గరికి పోయాడు.

"ఇది ఎవురిదప్పా?"

"గవర్మెంటుది, పెద్దాయనా."

"వానొచ్చినాక అడిగితే ఇస్తారా?"

వాచ్‌మన్‌కు అర్థం కాలేదు. మామ ఓపిగ్గా వివరించాడు. మా ఊళ్లో ఒకరి గొర్రు విరిగితే ఉన్నవాళ్లింటికి పోయి అడుగుతారని, విత్తనం అదునులో గొర్రు లేదని చెప్పడం పాపమని, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి అడిగితే ఇక్కడా ఇస్తారు గదా అని అడిగాడు. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. ఇంత భద్రంగా తుడిచి, నీడపట్టున నిలబెట్టి, కాపలా మనిషిని కూడా పెట్టారంటే, అడిగినవాళ్లకు ఇవ్వడానికి కాకపోతే ఇంకెందుకు? అక్కడే ఉన్న ఇద్దరు కాలేజీ పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన చెయ్యి పట్టుకుని, రా మామా, ఇది చూడ్డానికి పెట్టింది అని లాగాను.

"సూసేదానికి గొర్రేంటికమ్మా?" అన్నాడు.

పది రోజుల కింద మా ఆయన అన్న మాటకూ, ఇప్పుడు ఈయన అన్న మాటకూ మధ్య నేను నోరెళ్లబెట్టుకుని నిలబడ్డాను. కొడుకుది ఒక ప్రశ్న, తండ్రిది ఒక ప్రశ్న. ఆ రోజు మామను చూసి సిగ్గుపడినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

మామ ఉమేష్‌తో పక్కనున్న అట్ట చదివించుకున్నాడు. "విత్తన పరికరం. తుమ్మకర్ర" అని ఉంది, అంతే. చేసినవాడి పేరు లేదా అని అడిగాడు. లేదు తాతా అన్నాడు వాడు. విత్తనం పోసిన ఆడమనిషి పేరైనా ఉండాలే, సరిగ్గా చూడు అన్నాడు. అదీ లేదు.

కాలేజీ పిల్లలు వెళ్లిపోయారు. వాచ్‌మన్ అటూ ఇటూ చూశాడు. ఆయనా ఏ పల్లెలోనో సేద్యం చేసుకునే వాళ్ల కొడుకే అయి ఉంటాడు. లేచి వచ్చి తాడు పైకెత్తి, "బిరీన సూసుకో పెద్దాయనా" అన్నాడు. మామ వంగి లోపలికి పోయి జడ్డిగంలో చెయ్యి పెట్టాడు. మూడు కన్నాలూ వేలితో తడిమి, మంచి పనోడు చేసినాడని మెచ్చుకుని బయటికి వచ్చాడు. అంతా కలిపి అర నిమిషం కూడా కాలేదు. అందుకే ఆ ఊరి పేరు చెప్పనన్నది.

ఆవరణలో వేపచెట్టు కింద రొట్టెల మూట విప్పాను. మామ ముందు వాచ్‌మన్‌ను పిలిచి ఒక రొట్టె ఇచ్చి, తర్వాత తను కూర్చున్నాడు. నాలుగు తిన్నాడు. బస్సులో ఊరు వచ్చేదాకా నోరు మూయలేదు. తుమ్మ ఎప్పుడు కొట్టాలో, ఎన్ని రోజులు నీళ్లలో నానేయాలో, పళ్లు ఏ వాలులో బిగించాలో చెబుతూనే ఉన్నాడు. ఉమేష్ నోటుబుక్కు నిండిపోయి, టికెట్ల వెనక రాయడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి కొట్టం ఊడ్చి ఉంది.

పిల్లలు సబ్బుల అట్టపెట్టెలు చింపి అట్టలు చేశారు. గొర్రును మధ్యలో నిలబెట్టారు. కలుపు తీసే గుంటక, ఎద్దుల మెడ మీద వేసే కాడిమాను గోడవారగా పెట్టారు. తొమ్మిది చిక్కాలూ దూలానికి వరసగా వేలాడదీశారు. మా అత్త తన పాత చీరలన్నీ పేర్చి కుట్టిన బొంత పెట్టెలోంచి తీసి దండెం మీద పరిచారు. అందులో ఏ ముక్క ఏ చీరదో మామకు గుర్తే. ఇది పెళ్లి చీర, ఇది మంత్రాలయంలో తీసుకున్నది, ఇది మీ నాయన పుట్టినప్పటిది అని చెబుతుంటే ఉమేష్ చిన్న చిన్న కాగితాలు రాసి గుండుసూదులతో గుచ్చాడు. జొన్నదంటు బెండుతో మామ ఒక బండి చేశాడు. చక్రాలు తిరుగుతాయి. నా వంతుగా నేను ఒక ఉట్టి అల్లి దూలానికి కట్టాను. ఇల్లలికే నా చేతికి అది వస్తుందని నాకే తెలియదు.

గొర్రు అట్ట మాత్రం మామ దగ్గర కూర్చుని రాయించాడు. "గొర్రు. చేసింది తిమ్మన్న. విత్తనం పోసింది హనుమంతమ్మ." ఉమేష్ అంతటితో ఆగక, అమ్మ పేరు కూడా రాయనా అని అడిగాడు.

"మీయమ్మ పోసిందా? పోసినాక రాయి" అన్నాడు మామ.

ఆయన దెప్పిపొడవడానికి అనలేదు. ఉన్నమాటే అన్నాడు. అయినా నాకు చురుక్కుమంది. నేను పత్తి మిల్లులో పనిచేసేవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని. పెళ్లయి పదేళ్లయినా ఊళ్లో ఇప్పటికీ నా పేరు ఆదోని పిల్లే. అత్త ఉన్నన్నాళ్లు జడ్డిగం దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు. ఆమె పోయాక మామ ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి పోయించుకున్నాడే గాని నన్ను అడగలేదు, నేనూ వస్తాననలేదు.

ఆ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక మెల్లగా కొట్టంలోకి పోయి, గుప్పెడు ఇసుక తీసుకుని జడ్డిగంలో వదిలాను. ఒక కన్నంలో కుప్పగా పడింది, రెండు కన్నాలు బోసిగా ఉన్నాయి. వెనక నుంచి మామ గొంతు వినిపించింది. గుప్పిట మూయొద్దు, బొటనవేలు ఆడించు అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం ఒక గంట నాకు ఇసుక పాఠం. పదిహేను రోజులకు మూడు గొట్టాల కింద మూడు సమానమైన కుప్పలు పడ్డాయి. మామ మూడింటినీ నాలుగు వేళ్లతో కొలిచి చూసి, ఊ అన్నాడు. ఆ ఊ కోసం ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు.

ఊళ్లో మొదట పిల్లలు వచ్చారు, వాళ్ల వెనక ఆడవాళ్లు, ఆఖరుకు మగవాళ్లూ వచ్చారు. అంజలి డబ్బా చింతగింజలతో నిండింది. చదవడం రాని ముసలివాళ్లు కూడా ఉమేష్‌తో అట్టలు చదివించుకున్నారు. వాళ్లింట్లో ఉన్న బొంత ఇంతకంటే పెద్దదని ఇద్దరు నాతో పోట్లాడారు కూడా. ఉమేష్ "ముట్టుకోరాదు" అని ఇంకో అట్ట రాసి గొర్రుకు తగిలించాడు. మామకు అది నచ్చలేదు. కానీ మనవడి ముచ్చట కాదనలేక ఊరుకున్నాడు.

మా ఆయన ఆటో ఆపి లోపలికి తొంగిచూసి పోయేవాడు. ఒక సాయంత్రం మాత్రం జేబులోంచి చింతగింజ తీసి అంజలికి ఇచ్చి, లోపలికి పోయి బొంత ముందు చాలాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చి, అమావాస్యదాకా ఉంచుకోండి అన్నాడు. అంటే ఇచ్చిన మాట మారలేదని అర్థం.

బడులు తెరిచారు. మృగశిర కార్తె వట్టిగా పోయింది. ఆరుద్ర వచ్చింది. మబ్బు కనిపిస్తుంది, కురవదు. మట్టి ఎద్దుల అమావాస్య రానే వచ్చింది. మా వైపు ఆ రోజు ఎద్దులున్నవాళ్లూ, లేనివాళ్లూ మట్టితో జత ఎద్దులు చేసి పూజిస్తారు. పిల్లలు వంక దగ్గర నుంచి జిగట మట్టి తెచ్చారు. మామ మూపురం తీర్చాడు, అంజలి గురిగింజలు గుచ్చి కళ్లు పెట్టింది. ఒక ఎద్దు కాస్త వెడల్పుగా వచ్చి గేదెలా ఉందని ఉమేష్ వెక్కిరిస్తే అంజలి ఏడ్చింది. అప్పుడు మామ నార సన్నగా పురిపెట్టి, బొటనవేలంత చిక్కాలు రెండు అల్లి వాటి మూతులకు కట్టాడు. వాటిని చూస్తే మీకూ ముద్దొచ్చేవి. గొర్రుకు పసుపు, కుంకుమ పెట్టి, ఓళిగలు, అదే బొబ్బట్లు, నైవేద్యం పెట్టాము. మా ఆయన దండం పెట్టుకుని లేచి, రేపు పొద్దున మంజునాథ్ బండి తెస్తాడని చెప్పాడు. మామ చేతిలోని ఓళిగ అలాగే కంచంలో పెట్టేసి లేచిపోయాడు. అన్నీ మళ్లీ మొదటికి వచ్చాయనుకున్నాను.

మూడు గంటలకు వాన మొదలైంది. ఎలాంటి వాన! చూరు నీళ్లకు బిందెలు నిమిషంలో నిండాయి. పొద్దు గూకేదాకా ఆగలేదు.

తెల్లవారేసరికి నేలంతా విత్తనానికి సరిపోయే తడి, పదును. ఇలాంటప్పుడు మా మామ ఒకే మాట అంటాడు, అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు అని. మా ఎర్రనేలల్లో పదును మూడు రోజులకు మించి నిలవదు. ట్రాక్టర్లు ఊరికి నాలుగు, అడిగేవాళ్లు నలభై. నేను వాకిలి ఊడుస్తుంటే పుల్లన్న వచ్చాడు. ఊళ్లో ఇంకా ఎద్దులు ఉంచుకున్న ఇద్దరు ముగ్గురిలో ఆయనొకడు. కొట్టం గుమ్మం దగ్గర ఆగి, గోచీ సర్దుకుని, అంజలి చేతిలో ఒక చింతగింజ పెట్టాడు. లోపలికి మాత్రం పోలేదు.

"తిమ్మన్నా, మా గొర్రును సెదలు తినేసినాయి. పదునుండాది. మీది ఇస్తావా?"

మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గొర్రు లేదని చెప్పడం పాపమని పరాయి ఊళ్లో వాచ్‌మన్‌కు పాఠం చెప్పిన మనిషి, సొంత వాకిట్లో నోరు విప్పలేదు. విప్పితే కొడుకు మాట పోతుంది. తల తిప్పి మా ఆయన్ని చూశాడు. అందరమూ ఆయన్నే చూశాము. మా ఆయన పళ్లు తోముకుంటున్న వేపపుల్ల పారేసి, నోరు కడుక్కుని, కొట్టంలోకి పోయాడు. "ముట్టుకోరాదు" అన్న అట్ట తీసి ఉమేష్ చేతికిచ్చాడు.

"ఒక పక్క పట్టుకో పుల్లన్నా. బరువుంటాది" అన్నాడు.

ఇద్దరూ గొర్రును భుజాల మీదికి ఎత్తుకున్నారు. అంత పెద్ద మాట తప్పి, అంత మామూలుగా వీధిలోకి నడిచి పోయాడు మా ఆయన. ఆయన వెనక మామ పోయాడు. గొర్రు వెనక మామ నడక చూస్తే డెబ్బై ఏళ్ల మనిషని ఎవరూ అనరు.

వాళ్లు పోయిన గంటకు మంజునాథ్ బండి వచ్చింది. మంచి షర్టు, కళ్లద్దాలు, చేతిలో రెండు ఫోన్లు. ఇంట్లో నేను, పిల్లలు. కొట్టంలోకి అడుగుపెట్టబోతే విజిల్ మోగింది. టికెట్టు అంది అంజలి. ఆయన జేబులు తడుముకుని డబ్బులు తీశాడు. అది అడ్డంగా తల ఊపి, తన డబ్బాలోంచే ఒక చింతగింజ తీసి ఆయన చేతిలో పెట్టి, మళ్లీ తీసుకుని, ఇప్పుడు పోవచ్చంది. ఆయన నవ్వుకుంటూ లోపలికి పోయి, మధ్యలో ఖాళీ చూసి ఆగిపోయాడు. ఆ ఖాళీలో ఒక అట్ట నిలబెట్టి ఉంది. ఉమేష్ అది ఎప్పుడు రాశాడో నాకు కూడా తెలియదు.

"ఈ వస్తువు పనికి పోయినది."

ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. "ఎప్పుడొస్తుందక్కా?" అని అడిగాడు.

"పుల్లన్న తర్వాత ఇంకా నలుగురు అడిగినారన్నా. వాళ్లదయినాక మాది. మాదయినాక పైయేడు వాన" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన మిగతావన్నీ తిరిగి చూశాడు. చిట్టి చిక్కాలు కట్టుకున్న మట్టి ఎద్దుల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఫోటో తీసుకున్నాడు. వాటిని ఇస్తారా అని మాత్రం అడగలేదు. ఖాళీ బండితో పోయాడు. మధ్యాహ్నం మా ఆయన వచ్చి ఆయనకు ఫోన్ చేశాడు. అన్నా, నాది తప్పే, మాట ఇచ్చి తప్పినాను, గొర్రు ఇయ్యలేను అని నేరుగా చెప్పేశాడు. సాకులు చెప్పలేదు. ఆటో మీద టార్పాలిన్ కప్పుకుంటూ నా వైపు చూసి, ఏం చూస్తాండావన్నాడు. నా మొగుణ్ని నేను చూసుకుంటున్నానన్నాను.

మూడో రోజు మా వంతు. గొర్రుకు బదులుగా పుల్లన్న తన ఎద్దులను మాకు ఒక పూట ఇచ్చాడు. మా మూడెకరాల్లో కొర్ర. మా ఆయన ఎద్దులను అదిలించాడు. మామ కొర్రలు నా చీర చెంగులో పోసి ముడివేసి, ఇసుక అనుకో అన్నాడు. గట్టు మీద పక్కింటి బసమ్మత్త, ఇంకా నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఆదోని పిల్ల గింజ పోస్తుందంటే చూడ్డానికి రాకుండా ఉంటారా? నేను మా అత్తను తలుచుకుని చెయ్యి జడ్డిగం మీద పెట్టాను. కొర్ర ఇసుక కంటే జారుడు. మొదటి సాలు సగం దాకా ఊపిరి పీల్చానో లేదో గుర్తులేదు. ఆ తర్వాత బొటనవేలు దాని పని అది చేసుకుపోయింది.

విత్తనం పోసినవాళ్ల చెయ్యి ఎలాంటిదో ఆ రోజు తెలియదు. మొలక వచ్చాక తెలుస్తుంది. ఊరంతటికీ తెలుస్తుంది. కుప్పగా పోస్తే గుబురుగా వస్తుంది, మరిస్తే బోసిగా మిగులుతుంది. దాచుకోవడానికి లేదు. ఆ వారం నాకు నిద్ర లేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే మామా, నేనూ పోయాం. ఎర్రనేల మీద పచ్చటి గీతలు, గట్టు నుంచి గట్టుదాకా. మామ ఒక సాలు వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, ఇంకో సాలు వెంట తిరిగి వచ్చాడు. ఒకచోట మాత్రం బెత్తెడు బోసి ఉంది. అక్కడే నేను బసమ్మత్తకు నవ్వుతూ ఏదో జవాబు చెప్పాను.

"అది కాకి తిన్నాదిలే" అన్నాడు మామ, ముఖం అటు తిప్పుకుని.

ఇంటికి వచ్చి నేను వంటలో పడ్డాను. రొట్టెలు కాల్చి, పిల్లలను పిలుద్దామని కొట్టంలోకి పోయాను. గొర్రు తన చోటికి వచ్చి నిలబడి ఉంది. పళ్లకు ఆరు పొలాల మట్టి అలాగే ఉంది, మామ కడగనివ్వలేదు. "ముట్టుకోరాదు" అట్ట లేదు. పాత అట్ట మీద కొత్త సిరా కనిపించి దగ్గరికి పోయాను.

"గొర్రు. చేసింది తిమ్మన్న. విత్తనం పోసింది హనుమంతమ్మ, భారతి."

నా పేరు. పదేళ్లుగా రేషన్ కార్డులో, ఓటర్ల జాబితాలో ఉన్న పేరే. మా అత్త పేరు పక్కన ఉంటే అది నా పేరేనా అనిపించింది. నా కళ్లు మసకబారాయి. తడి చేత్తోనే ఆ అక్షరాలను తాకబోయాను.

చెవులు చిల్లులు పడేలా విజిల్ మోగింది. గుమ్మంలో అంజలి.

"గొర్రును ఎవురన్నా ముట్టుకోవచ్చంట, తాత సెప్పినాడు" అంది. "అట్టను మాత్రం ముట్టుకోగూడదమ్మా. సిరా పోతాది."